పాఠాలు తెచ్చిన పిల్ల

మొన్న పొద్దున ఫోను తెరిస్తే, రిటైరైన మేష్టర్లమంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చి ఉంది. నేను ఉద్యోగంలో చివరి పద్నాలుగేళ్లు గడిపిన హైస్కూల్లో గోడకు కొత్తగా పెద్ద తెర బిగించారట, వేలితో తాకితే పాఠాలు వచ్చే తెర. దాని ముందు యూనిఫాంలో ఒక అమ్మాయి నిలబడి ఏదో చూపిస్తూంటే, పక్కన ఇప్పటి సైన్సు టీచరమ్మ చేతులు కట్టుకుని శ్రద్ధగా వింటూంది. గ్రూపులో ఉన్నవాళ్లంతా చప్పట్ల బొమ్మలూ దండాల బొమ్మలూ వరసగా పంపారు. నేనూ ఒకటి పంపుదామని వేలు దాకా వచ్చి, పంపలేక, ఫోను బల్లమీద బోర్లించి పెట్టేశాను. ఏమైందని మా ఆవిడ అడిగింది, ఏమీ లేదన్నాను.

నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, మన కాలంలో మేష్టరంటే సుద్దముక్కే. నాకు నా బొమ్మల మీద మహా గర్వం ఉండేది. గుండె బొమ్మ నాలుగు గదులతో, కవాటాలతో, చెయ్యి ఎత్తకుండా వేసేవాణ్ణి. మందార పువ్వును నిలువునా కోసినట్టు వేస్తే వెనక బెంచీ వాళ్లు కూడా మాటలు ఆపి చూసేవాళ్లు. రంగు సుద్దల కోసం నెలకోసారి బళ్లారి బజారులో ఒక సాయిబు అంగడికి పోయేవాణ్ణి. ఆయన నాకని పచ్చరంగు పెట్టెలు విడిగా దాచిపెట్టి, మేష్టర్ సాబ్ వచ్చినారు అని కొడుకును కేకేసి కుర్చీ వేయించేవాడు. నేను వేసిన బొమ్మను మర్నాడు దాకా ఎవరూ చెరపగూడదని పిల్లల్లో ఒక కట్టుబాటు కూడా ఉండేది, నేను పెట్టింది కాదది, వాళ్లే పెట్టుకున్నారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగిన పాడుపని ఈ గర్వం లోంచే వచ్చింది.

మా బడి ఉన్న ఊరు కంప్లికీ బళ్లారికీ నడుమ, తుంగభద్ర కాలువ కింద. పేరు చెప్పను, చెబితే ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుంది. కర్ణాటకలో తెలుగు మీడియం బడి అంటే ఎలా ఉంటుందో అక్కడ పనిచేసిన వాళ్లకే తెలుస్తుంది. ఆఫీసు కాగితాలు కన్నడం, ట్రైనింగులు కన్నడం, పాఠం తెలుగు, పిల్లల గొడవలు రెండు భాషల్లోనూ. పిల్లల్లో సగం మంది తరతరాలుగా ఆ నేల మీదే ఉన్న కూలి కుటుంబాల వాళ్లు, మిగతా సగం కోస్తా జిల్లాల నుంచి వచ్చి వరి పొలాలు చేసుకుంటున్న క్యాంపుల వాళ్లు. ఒకడు ఉండాది అంటే ఇంకొకడు ఉందండి అనేవాడు, రెండూ నాకు ముద్దుగానే వినిపించేవి. కన్నడ మీడియం పుస్తకాలు జూన్‌లోనే వచ్చేవి. మావి అచ్చయి, లారీ ఎక్కి, బళ్లారిలో దిగి, మా ఊరు చేరేసరికి ఒక్కోసారి దసరా సెలవులు కూడా అయిపోయేవి.

నేను రిటైరు కావడానికి ఇంకా ఐదేళ్లుందనగా మా బడికి ఒక ల్యాప్‌టాపు, ఒక ప్రొజెక్టరు వచ్చాయి. మూడు రోజులు బళ్లారిలో ట్రైనింగు ఇచ్చారు. నేర్పించిన కుర్రాడు నా దగ్గర చదివిన వాళ్ల వయసువాడు, గబగబా చెప్పుకుంటూ పోయాడు. అర్థమైందా అని అడిగినప్పుడల్లా అందరికంటే ముందు నేనే తలూపాను. తిరిగొచ్చాక వాటిని హెడ్మాస్టరు గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాం. ఆయుధపూజ నాడు బయటికి తీసి కుంకుమ బొట్లు పెట్టి, చేమంతి దండ వేసి, నిమ్మకాయ కోసి మళ్లీ లోపల పెట్టాం. ఆ ఏడాదంతా వాటికి జరిగిన సేవ అదొక్కటే. తర్వాతి జూన్‌లో పై అధికారి వచ్చి, వాడకపోతే వెనక్కి తీసుకుపోయి వేరే బడికిస్తామని అనేసరికి, హెడ్మాస్టరు నన్ను పిలిచి మర్నాటి నుంచి పదో తరగతి సైన్సు దాంట్లోనే చెప్పమన్నాడు.

మర్నాడు క్లాసులో నలభై మంది ముందు ఆ రెండు పెట్టెలూ పెట్టుకుని నేను పడిన అవస్థ ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. తీగలు ఏది ఎక్కడ గుచ్చాలో తెలీదు. ఏదో నొక్కితే గోడ మీద నీలం వెలుగు వచ్చి నిలిచిపోయింది. పిల్లలు నవ్వలేదు, అదే ఎక్కువ బాధ. పాపం సారు అన్నట్టు తలలు వంచుకున్నారు. గంట కొట్టేశారు, నేను కరెంటును నాలుగు తిట్టి బయటపడ్డాను. కుడతిని కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనబడేంత దూరంలో ఉండి కూడా మాకు కరెంటు నిలకడగా ఉండేది కాదు గనుక, ఆ సాకు చెల్లింది.

ఆ సాయంత్రం సామాను సర్దుతుంటే మూడో బెంచీలో కూర్చునే ఒక పిల్ల వెనక్కి వచ్చింది. తండ్రి ఒక క్యాంపు రైతు దగ్గర ట్రాక్టరు డ్రైవరు, తల్లి నాట్లకూ కలుపులకూ పోయేది. మాటలు తక్కువ, లెక్కల్లో చురుకు. ఆ పిల్ల మేనమామకు కంప్లిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది, సెలవుల్లో అక్కడ కూర్చుని చూసి చూసి నేర్చుకుందట. తీగ ఒకటి తీసి ఇంకోచోట గుచ్చింది, ఏవో రెండు మీటలు కలిపి నొక్కింది, గోడ మీద బొమ్మ వచ్చింది. ఆ పిల్ల ముఖంలో గొప్ప ఏమీ లేదు. నేను మాత్రం తలుపు వైపు చూశాను, ఎవరైనా చూస్తున్నారేమోనని.

అప్పటినుంచి మా ఇద్దరికీ మాటల్లో పెట్టుకోని ఒక ఏర్పాటు కుదిరింది. సైన్సు పీరియడుకు ముందు ఇంటర్వెల్‌లో ఆ పిల్ల ఒక్కతే క్లాసులోకి పోయి, తీగలన్నీ కలిపి, పాఠం తెరిచి, అన్నీ సిద్ధం చేసి, ఒక్క మీట మాత్రం నాకోసం మిగిల్చేది. నేను వచ్చి, కళ్లజోడు సర్దుకుని, ఆ పొడుగాటి మీట నొక్కితే పాఠం మొదలయ్యేది. మధ్యలో ఏదైనా ఆగిపోతే నీళ్లు తాగి వస్తానని నేను బయటికి నడిచేవాణ్ణి, తిరిగొచ్చేసరికి మళ్లీ మీట దగ్గరకు వచ్చి ఉండేది. నా పరువు కాపాడమని ఆ పిల్లను నేను అడగలేదు. పద్నాలుగేళ్ల పిల్ల, తనంతట తనే నా మనసు కనిపెట్టి చేసింది. నెల తిరిగేసరికి సారు కంప్యూటరు బాగా నడుపుతాడని ఊళ్లో పేరొచ్చింది, ఆ పేరును నేను కాదనలేదు. మా ఆవిడ దగ్గర కూడా నేనే నేర్చుకున్నానని చెప్పుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తండ్రి బడికి వచ్చాడు. వరండా కిందే చెప్పులు విడిచి, తలపాగా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. పిల్లను పదితో ఆపేసి తల్లి వెంట పనికి పంపుదామని ఇంట్లో అనుకుంటున్నారట, పిల్లేమో బళ్లారి పోయి పీయూసీలో, అంటే ఆంధ్రా వాళ్ల ఇంటర్లో, సైన్సు చదువుతానని పట్టుబట్టిందట. చివరకు ఒక్క మాట అన్నాడు.

“నాకు సదువు సంగతి తెల్దు సార్. మీరు పంపమంటే పంపుతా, ఒద్దంటే ఇడిపిస్తా. మీ మాటే.”

పంపించప్పా, అంత తెలివైన పిల్ల నీ ఇంట్లో పుట్టడం నీ అదృష్టం అన్నాను. పరీక్ష అయినాక నేనే వెంటబెట్టుకుని బళ్లారి తీసుకుపోయి హాస్టల్లో చేరుస్తానని కూడా మాటిచ్చాను. ఆయన దండం పెట్టి పోయాడు. కిటికీ పక్కన ఆ పిల్ల నిలబడి వింటూందని ఆయన పోయాక చూశాను, అది నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ ఏడు పదో తరగతి సైన్సు పుస్తకం కొత్తది. ఎప్పటిలాగే తెలుగుది రాలేదు. ప్రొజెక్టరుతో ఇచ్చిన పాఠాలన్నీ కన్నడంలో ఉన్నాయి. మాట్లాడితే అర్థమయ్యే కన్నడమే అయినా, సైన్సు మాటలు వేరు కదా, పిల్లలు బిక్కమొహాలు వేసేవాళ్లు. అప్పుడు ఆ పిల్లే ఒక దారి చూపింది. మేనమామ అంగడిలో ఇంటర్నెట్టు ఉంది, ఆంధ్రాలో అయ్యవార్లు చెప్పిన తెలుగు పాఠాలు బోలెడున్నాయి, పెన్‌డ్రైవులో వేసుకొస్తానంది. తెచ్చింది. ఎంత చక్కటి పాఠాలో! రంగుల్లో గుండె కొట్టుకునేది, రక్తం పారేది, గొంతు ఖంగుమనేది. నా సుద్దబొమ్మ ఆ పక్కన వెలవెలబోయింది. మొదట కొంచెం నొచ్చుకున్నాను, తర్వాత హాయిగా అనిపించింది. మీట నొక్కి కుర్చీలో కూర్చుంటే సరిపోయేది. ముప్ఫై ఏళ్లు నిలబడి చెప్పిన కాళ్లు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

దసరా అయ్యాక మా పుస్తకాలు వచ్చాయి. కట్టలు విప్పి పంచాం. నేను ఒకటి ఇంటికి తెచ్చుకుని అలమరలో పెట్టాను, తెరవలేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. కొత్త పుస్తకం మేష్టరు చదవకపోవడమంటే వంటమనిషి ఉప్పు చూడకపోవడమే, కానీ గోడ మీద పాఠాలు సాఫీగా నడుస్తుంటే చదవవలసిన అవసరం కనబడలేదు. ఆ పిల్ల మాత్రం చదివింది. నవంబరులో ఒకరోజు మీట దగ్గర సిద్ధం చేసి కూడా బయటికి పోకుండా, పుస్తకం ఛాతీకి అదుముకుని నిలబడింది.

“సార్, మన బుక్కులో ఉండే పాఠాలు రెండు ఈ వీడియోల్లో లేవు సార్. ఉండేటివి కూడా కొన్ని సగమే వస్తాండాయి. వాళ్ల బుక్కు వేరే, మనది వేరే.”

నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు, కనిపెట్టింది నేను కాకపోయానే అని. సైన్సు యాడైనా ఒకటే గదమ్మా, ఆంధ్రాలో గుండె కుడివైపు ఉంటుందా, నువ్వు వీడియో పెట్టు అన్నాను. నా మాటకు నేనే నవ్వాను కూడా. అది నవ్వలేదు. సరే సార్ అని బయటికి పోయింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు.

ఫిబ్రవరిలో, అసలు పరీక్షకు ముందు పెట్టే ప్రిపరేటరీ పరీక్ష వచ్చింది. ప్రశ్నపత్రం మా బడిలో తయారైంది కాదు, బయటినుంచి వచ్చింది. దాన్ని చేతికి తీసుకుని వరండాలో నిలబడి చదివాను. మూడో వంతు ప్రశ్నలు మేము అసలు చెప్పని వాటిలోంచి ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే పిల్లలు పెన్నులు పట్టుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. మూడో బెంచీలో మాత్రం ఒక తల వంగే ఉంది, రాస్తూనే ఉంది.

ఫలితం ఊహించిందే. సగానికి పైగా పిల్లలు సైన్సులో తప్పారు. ఆ చెప్పని రెండు పాఠాల ప్రశ్నలకు క్లాసు మొత్తం మీద సమాధానం రాసింది ఆ పిల్ల ఒక్కతే. క్యాంపుల్లో తల్లిదండ్రులు మండిపడ్డారు. వారం తిరక్కుండా అందరినీ పిలిచి సమావేశం పెట్టారు, అదే రోజు పై అధికారి కూడా వచ్చాడు. హెడ్మాస్టరు గది తలుపులు తెరిచే ఉన్నాయి, వరండాలో చాపల మీద తల్లిదండ్రులు, లోపల కుర్చీల్లో మేము. ట్రాక్టరు డ్రైవరు అందరికీ వెనక, స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

అధికారి కన్నడంలో అడిగాడు, మన సిలబసు కాని పాఠాలు క్లాసులోకి ఎలా వచ్చాయని. నా నోట జవాబు ఎంత తొందరగా వచ్చిందో ఇప్పటికీ నాకే ఆశ్చర్యం. ఆ యంత్రం నడిపేది ఒక విద్యార్థిని, పాఠాలు తెచ్చేది కూడా ఆ పిల్లే, నేను నమ్మాను అన్నాను. తొమ్మిది నెలలుగా ఊరందరి ముందూ నేనే నడుపుతున్నానని చెప్పుకున్న యంత్రం, ఆ ఒక్క నిమిషంలో ఆ పిల్లది అయిపోయింది. కన్నడంలో అన్నాను ఆ మాట. సొంత భాష కాకపోవడం వల్లనేమో, అబద్ధం చెబుతున్నట్టు కూడా తోచలేదు. నిజానికి చూస్తే అందులో ప్రతి ముక్కా నిజమే, చెప్పకుండా వదిలేసిందే అసలు సంగతి.

పిల్లను పిలిపించారు. తలుపు దగ్గర నిలబడింది. ఈ వీడియోలు తెచ్చింది నువ్వేనా అని అధికారి అడిగాడు, పాపం ఆయన గట్టిగా కూడా అడగలేదు. ఆ పిల్ల ఒకసారి నా వైపు చూసింది. అందులో కోపం ఉంటే ఇన్నేళ్లలో నేను ఎప్పుడో మరిచిపోయి ఉండేవాణ్ణి. మీరు చెప్తారు గదా సార్ అని అడుగుతున్నట్టు, ఊరికే కాసేపు చూసింది. నేను నా పెన్ను మూత తీసి మళ్లీ పెట్టుకున్నాను.

“హౌదు సార్. నానే తందె.”

అవును, నేనే తెచ్చానని మాత్రం చెప్పింది. నవంబరులో నాకు చెప్పిన సంగతి చెప్పలేదు. ఇంతలో వరండాలోంచి ఒక క్యాంపు తల్లి లేచి, మరి ఆ ప్రశ్నలకు తనొక్కతే ఎలా రాసిందండీ, తెలిసే మా పిల్లల దగ్గర దాచిపెట్టి తనొక్కతే చదువుకుందా అంది. చాపల మీద గుసగుసలు లేచాయి. ఆ పిల్ల ఎందుకు రాయగలిగిందో ఆ బడి మొత్తంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పుస్తకం తను చదివింది గనుక, వీడియోల్లో లేవని నాకు చెప్పింది గనుక, నేను వినలేదు గనుక. మూడు ముక్కలు. అవి అంటే ఏమయ్యేది? మహా అయితే ఒక మెమో వచ్చేది, మూడేళ్ల సర్వీసు మిగిలినవాణ్ణి, ఊరు నాలుగు రోజులు నవ్వుకునేది. అంతకంటే ఏమీ కాదు. నేను అనలేదు. స్తంభం దగ్గర చూస్తే ట్రాక్టరు డ్రైవరు లేడు, ఎప్పుడు పోయాడో పోయాడు.

ల్యాప్‌టాపును మళ్లీ బీరువాలో పెట్టారు, ఇకమీదట పిల్లలు ఎవరూ ముట్టుకోగూడదని హెడ్మాస్టరు నోటీసు రాసి అంటించాడు. నేను ఇంటి అలమరలోంచి పుస్తకం తీసి మూడు రాత్రుళ్లు కూర్చుని చదివాను, సాయిబు అంగడికి పోయి రంగు సుద్దలు తెచ్చాను. అసలు పరీక్షకు ఆరు వారాలుంది. పొద్దున ఎనిమిదికే పిల్లల్ని పిలిచి, చెప్పని పాఠాలన్నీ నల్లబల్ల మీద గొంతు పోయేదాకా చెప్పాను. చివరికి ముగ్గురు తప్ప అందరూ గట్టెక్కారు, క్యాంపుల వాళ్లు మిఠాయి పెట్టె తెచ్చి సారు మళ్లీ సుద్ద పట్టుకోబట్టే పిల్లలు బతికారన్నారు. ఆ ఆరు వారాలూ ఆ పిల్ల రోజూ వచ్చింది. మూడో బెంచీలోనే కూర్చుంది, కాని అటూ ఇటూ ఎవరూ కూర్చోలేదు. దానితో ఒంటరిగా మాట్లాడదామని చాలాసార్లు అనుకున్నాను. ఇంటర్వెల్‌లో క్లాసు దాకా పోయి, గుమ్మం దగ్గర్నుంచి తిరిగొచ్చేవాణ్ణి. పరీక్షలో బడికి రెండో మార్కు దానిదే.

జూన్ ఆఖర్లో, బళ్లారి కాలేజీల్లో చేరికలు ముగుస్తున్నాయని తెలిసి, ఇక ఉండబట్టలేక వాళ్లింటికి పోయాను. రేకుల ఇల్లు. తండ్రి ఎదురొచ్చి, ఉన్న ఒక్క కుర్చీ తుడిచి నాకు వేసి, తను గడప మీద కూర్చున్నాడు. ఆయన మర్యాదలో ఏ తేడా లేదు, అదే నన్ను ఇబ్బంది పెట్టింది. పిల్లను కాలేజీకి పంపించప్పా, నేనే తీసుకుపోతానన్నాను గదా అని మొదలుపెట్టాను. ఆయన నెమ్మదిగా అడిగాడు.

“మీరే చెప్తిరి గదా సార్, ఆయప్ప ముందర. పిల్లే చేసిందని.”

చెప్పడానికి అంతకంటే మంచి అదను నా జీవితంలో మళ్లీ రాలేదు. ఊరు లేదు, అధికారి లేడు, హెడ్మాస్టరు లేడు. ఎదురుగా నా మాట మీదే కూతురి బతుకు పెట్టుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. నేను నోరు తెరిచాను. ఏం మాట వచ్చిందో తెలుసా?

“చిన్నపిల్లప్పా, తెలీక చేసింది. మన్నించి పంపించు.”

నా తప్పుకు ఆ పిల్లకు క్షమాభిక్ష అడిగాను. అప్పుడే లోపలినుంచి అది టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. వినలేదనుకోవడానికి వీల్లేదు, ఆ ఇంట్లో గదికీ వరండాకూ మధ్య పాత చీర తెర ఒక్కటే ఉంది.

“మన్నించేది ఏముంది సార్, నా బిడ్డే గదా. నేను ఒక్క మాట అనలేదు,” అన్నాడు తండ్రి. “కానీ ఈడనే ఇంతమంది పిల్లోళ్లకు చెడుపు చేసినాదంటే, బళ్లారికి పోయి ఎవురికేం చేస్తాదో అని భయం అయితాది సార్. మాకు అంత సదువు ఒద్దు. కూలోళ్లం, మా పని మాకుండాది.”

నేను ఇంకా ఏదో నసిగాను. ఆ పిల్ల గ్లాసు నా పక్కన పెట్టింది. దాని చేతులకు అప్పటికే వారం రోజులుగా నారు పీకిన బురద మరక గోళ్ల సందుల్లో ఉంది.

“టీ చల్లారిపోతాండాది సార్, తాగండి,” అని లోపలికి పోయింది. నాతో అది అన్న ఆఖరి మాట అదే. తాగాను. లేచి దండం పెట్టుకుని వచ్చేశాను.

తర్వాత మూడేళ్లలో నేను ఆ యంత్రం నడపడం పట్టుబట్టి నేర్చుకున్నాను, ఎవరి సాయమూ లేకుండా. ప్రాయశ్చిత్తం అనుకున్నాను గాని, దానివల్ల ఎవరికీ ఏమీ తిరిగి రాలేదు. రిటైరై బళ్లారి వచ్చేశాక, ఒక ఏడాది ధైర్యం కూడగట్టుకుని, తండ్రికైనా నిజం చెప్పి వద్దామని ఆ ఊరు బస్సెక్కాను. ఆయన పోయి నాలుగు నెలలైందని బస్టాండు దగ్గర టీ అంగట్లో చెప్పారు. ట్రాక్టరు కాలువలో పడిందట. కూతురు బళ్లో పిల్లోళ్లను ఫెయిలు చేయించిందన్న మాటను ఆయన అలాగే నమ్మి పోయాడు. పిల్లను కంప్లి అవతల నది దాటాక ఏదో పల్లెకు ఇచ్చారు, నాట్ల కాలంలో గుంపుతో పాటు పనికి పోతుందట. ఆ పల్లె పేరు కూడా చెప్పారు. తిరుగు బస్సెక్కి ఇంటికొచ్చాను. వెతుక్కుంటూ పోయి, అత్తింటివాళ్ల ముందు నిలబెట్టి, ఇప్పుడు ఆ సంగతి తవ్వితే దానికేం ఒరుగుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అదీ పిరికితనమే. తెలుసు.

ఇప్పుడు కాలం ఎంత మారిందో చూడండి. డెబ్బై ఏళ్ల మనలాంటివాళ్లం మనవల ముందు ఫోను పెట్టి, ఇది ఎలాగో చెప్పరా అని నవ్వుతూ అడుగుతున్నాం. క్లాసుల్లో టీచర్లు నలభై మంది ముందే, నాకు రావడం లేదు, ఎవరికైనా వచ్చునా అంటున్నారు, పది చేతులు లేస్తున్నాయి, ఎవరి పరువూ పోవడం లేదు. మేష్టరుకు తెలియకపోవడం అనేది ఒక తప్పు కాకుండా పోయింది. మంచిదే, అలాగే ఉండాలి. కాని ఆ ఒక్క సిగ్గును కాపాడుకోవడానికి నేను ఒక పిల్ల చదువును ఖర్చు పెట్టేశాను. ఆ సిగ్గేమో పదేళ్లు తిరక్కుండా లోకంలోంచే లేకుండా పోయింది. ఆ పిల్ల మాత్రం ఈ వానాకాలం కూడా ఎవరి మడిలోనో మోకాటి లోతు నీళ్లలో వంగి నాట్లు వేస్తూ ఉంటుంది.